తేనె లేని కట్టు

పోయిన వారం మనం గంగులమ్మను నగరిలో తిరుపతి బస్సు ఎక్కించి వదిలిపెట్టాం. ఒడిలో మురుకుల డబ్బా, పక్క సీట్లో కోడలు జెస్సీ, ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఈ వారమే మనతో చేరినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. గంగులమ్మ నగరిలో గోవిందస్వామి షెడ్డులో మరమగ్గం ముందు నిలబడి నేసి బతికిన మనిషి. షుగరు జబ్బు ఆమె పాదాల్లో స్పర్శను ఎప్పుడో తినేసింది. అరికాల్లో మేకు దిగితే దిగినట్టే తెలియలేదు. తెలిసేసరికి అది పుండై, పుండు గుంటై కూర్చుంది. పుత్తూరు కట్టు కట్టించుకుందామని పోతే, "ఇది ఎముక పని కాదమ్మా, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పో" అని వాళ్లే మంచి మాట చెప్పి పంపించారు. తిరుపతిలో సర్జన్ సుబ్రమణ్యం చూసి, పాదం తీసేయక తప్పదన్నారు. అప్పుడు అడ్డొచ్చింది ధరణి. ఆ ఆసుపత్రిలోనే పరిశోధన చేస్తున్న అమ్మాయి. పట్టుగూళ్లను ఉడకబెట్టి, బంక తీసి, కరిగించి, పలచటి పొరగా ఆరబోసి, అందులో తేనె, తేనెటీగలు తమ తుట్టె పగుళ్లకు పూసుకునే జిగురు కలిపి కొత్తరకం కట్టు తయారు చేసింది. "ఒక్క అవకాశం ఇవ్వండి సార్" అని సుబ్రమణ్యంగారిని ఒప్పించి, ఆ కట్టు ఎలా పనిచేస్తుందో చూసే పరీక్షలో గంగులమ్మను చేర్చింది. ఇక జెస్సీ సంగతి. గంగులమ్మ కొడుకు మురుగేష్ తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తూ, అక్కడే పనిచేస్తున్న ఆ అమ్మాయిని ఎవరికీ చెప్పకుండా పెళ్లి చేసుకొచ్చాడు. గంగులమ్మ గుమ్మం తెరిచిందే గానీ మనసు తెరవలేదు.

పుండు మానింది. ఆ కృతజ్ఞతే ఇప్పుడు గంగులమ్మను తిరుపతికి తీసుకొచ్చింది. పరీక్షలో పాల్గొన్నవాళ్లందరినీ ధరణి పిలిచింది. గంగులమ్మను నాలుగు మాటలు మాట్లాడమంది.

ఆటో దిగి, మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకున్న పాదాన్ని ఆసుపత్రి మెట్టు మీద ఆనించినప్పుడు గంగులమ్మకు కళ్లు చెమర్చాయి. ఈ మెట్లనే మురుగేష్ ఆమెను చేతుల మీద ఎత్తుకుని ఎక్కాడు. ఆ రోజు ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఇప్పుడు మెట్టు తర్వాత మెట్టు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. జెస్సీ ఒక మెట్టు వెనకాలే, పడితే పట్టుకునేంత దూరంలో నడిచింది.

"నా ఎనకాల ఏంది, ముందర నడువు" అని విసుక్కుంది గంగులమ్మ.

జెస్సీ ముందుకు రాలేదు. వెనకే వచ్చింది.

ధరణి గది చిన్నది. బల్ల మీద గాజు పళ్లేలు, వాటిలో ఎండుతున్న పొరలు. కిటికీలోంచి ఏడుకొండలు దగ్గరగా కనిపిస్తున్నాయి. గంగులమ్మ లోపలికొస్తూనే రెండు చేతులూ జోడించింది.

"డాక్టరమ్మా, ఇవి నా చేతుల్తో చేసిన మురుకులు. నువ్వు తినాల. ఇంకో మాట. పూతలపట్టులో ఆ తేనెపెట్టెలు పెట్టుకున్న ఆయన, మునిరామయ్య, ఆయన ఊరికి దోవ చెప్పు. పోయి ఆ పెట్టెల ముందర సాష్టాంగపడి దండం పెట్టుకోవాల నేను. ఆ ఈగలు కష్టపడకపోయింటే ఈ కాలు నాకు యాడుండేది?"

ధరణి నవ్వబోయి ఆగిపోయింది. కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టింది. తాను ఎదురుగా కూర్చుంది.

"గంగులమ్మగారూ, మీరు మైకు ముందుకు పోకముందే ఒక మాట చెప్పాలి. పరీక్ష ముగిసింది కాబట్టి ఎవరికి ఏ పొర కట్టామో నిన్ననే మాకూ తెలిసింది."

"తెలిస్తే?"

"మీ కాలికి కట్టిన పొరలో తేనె లేదు. జిగురు కూడా లేదు. అది ఉత్త పట్టు పొర."

గంగులమ్మ నవ్వింది. పరాచికం అనుకుంది. ధరణి ముఖం మారకపోవడం చూసి ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"మొదటి రోజే చెప్పానమ్మా. కొందరికి తేనె ఉన్నది, కొందరికి లేనిది కడతాం, ఎవరికి ఏది వస్తుందో చీటీ వేసినట్టే, మా చేతుల్లో లేదు అని."

"చెప్పింటావు. ఆ దినం నా చెవులు పనిచేసింటే గదా! కాలుంటాదా పోతాదా అని ఒకటే మోత లోపల." గంగులమ్మ ముందుకు వంగింది. "అదిసరే, వాసనొచ్చిందే? దినామూ తేనె వాసనొచ్చిందే నాకు?"

"రెండు పొరలకీ రంగూ వాసనా ఒకేలా ఉండేట్టు చేశాం. లేకపోతే తేడా తెలిసిపోతుంది."

"సరే, చీమలో? నా మంచం సుట్టూరా చీమలు పట్టినాయే! తేనె లేకుండా చీమలెట్ల వస్తాయి?"

తలుపు దగ్గర నిలబడ్డ జెస్సీ అప్పుడు నోరు తెరిచింది.

"అవి నీ దిండు కిందున్న బెల్లానికి వచ్చినాయత్తా."

ధరణి పెదవి కొరుక్కుంది. గంగులమ్మ ముఖం ఎర్రబడింది.

"నీకు తెల్సా?"

"తెల్సు."

"తెల్సినా అడగలేదే?"

"అడిగితే ఇంకో తావున దాస్తావు. అందుకే నువ్వు నిద్రపోయినాక దినామూ కొంచెం కొంచెం తగ్గిస్తా వచ్చినాను. కడాకు ఉత్త కాగితమే మిగిలింది."

బెల్లం ఎలా ఇంత తొందరగా అయిపోతోందా అని అప్పట్లో తానెంత కుమిలిపోయిందో గంగులమ్మకు గుర్తొచ్చింది. అయినా కోపం అటు తిరగలేదు. ధరణి మీదికే తిరిగింది.

"అంటే నాకు ఉత్తది కట్టినారు. బీదది, అడిగే దిక్కు లేదని గదా?"

"లేదమ్మా. చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు కూడా ఉత్త పొర కట్టించుకున్నారు. మీకు కోపం రావడం న్యాయమే. కానీ తెలిసి కూడా దాచిపెట్టి, మీ చేత మైకులో తేనెకు దండం పెట్టించడం నావల్ల కాలేదు."

గంగులమ్మ కిటికీ వైపు తిరిగింది. ఇన్నాళ్లూ తాను ఎవరికి దండం పెట్టుకుంది? పొద్దున లేస్తూనే ఆ ఈగలను తలుచుకునేది. ఇప్పుడు ఆ దండమంతా గాలికి పోయినట్టనిపించింది.

"మరి నా కాలు ఎట్ల మానింది?" అంది చివరికి.

"అదే నాకూ అర్థం కాలేదు. తేనె కలిపిన పొర కట్టినవాళ్లకి చీము తొందరగా తగ్గింది. పుండు తొందరగా శుభ్రపడింది. అది నిజం. ఉత్త పట్టు పొర అంత పని చెయ్యదు. తీగకు పందిరిలా, కొత్త చర్మం పాకడానికి ఆధారంగా ఉంటుంది, అంతే. ఉత్త పొర కట్టినవాళ్లలో మీ అంత తొందరగా మానినవాళ్లు ఇంకెవరూ లేరు. అందుకని మీ ఫొటోలన్నీ మొదటి నుంచీ మళ్లీ చూశాను."

"ఫొటోలా?"

"కట్టు మార్చేటప్పుడల్లా ఇంట్లోవాళ్లు ఫొటో తీసి పంపాలని అడిగాం కదా. జెస్సీ ఒక్కరోజు కూడా తప్పకుండా పంపింది. అందరి ఫొటోలతోనూ పోల్చి చూస్తే ఒకటి కనిపించింది." ధరణి కంప్యూటరు తెర ఇటు తిప్పింది. "ఏ ఒక్క ఫొటోలోనూ మీ అరికాలికి మట్టి లేదు. మిగతావాళ్ల పాదాలకు ఎప్పుడో ఒకప్పుడు మట్టి కనిపించింది. అంటే వాళ్లు నడిచారు. మీరు పాదం నేల మీద మోపలేదు."

"మోపనిస్తే గదా!" గంగులమ్మ గొంతు లేచింది. ఎన్నాళ్లుగానో అణుచుకున్నదంతా ఒక్కసారి పొంగింది. "నా చెప్పులు బీరువాలో పెట్టి తాళమేసింది ఈ పిల్ల! స్నానానికి పోవాలన్నా ఆ చక్రాల కుర్చీలో తోసకపోయింది. నాలుగిండ్ల అవతల పెండ్లయితే పోనీలేదు. రాత్రికి అన్నం పెట్టమంటే గ్లాసుడు రాగి జావ. పొద్దున లేస్తూనే వేలు గుచ్చి షుగరు చూడ్డం. మగ్గం కాడికి పోతానంటే, నన్ను మంచానికి కట్టేసినంత పని చేసి, తనే పోయి నా మగ్గం ఎక్కింది. నా తావులో తను..."

మాట మధ్యలో తెగింది.

తాను వరసగా చెప్పుకుంటూ పోతున్నది ఫిర్యాదు కాదని ఆమెకే తెలిసిపోయింది. పాదం మోపనివ్వలేదు. షుగరు ఎక్కనివ్వలేదు. మగ్గం వేరేవాళ్ల చేతికి పోనివ్వలేదు. ఆ ఇంట్లో తనను జైల్లో పెట్టినట్టు పెట్టిందని ఇరుగుపొరుగు దగ్గర ఎంత ఏడ్చింది! ఆ జైలే తన కాలిని కాపాడింది.

ధరణి మెల్లగా అడిగింది. "ఫొటోలు చూస్తారా?"

గంగులమ్మ తన పుండును ఎన్నడూ చూసుకోలేదు. కట్టు విప్పే వేళకు ముఖానికి కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగేది. ముక్కుకు ఆ వాసన సోకకుండా విభూతి పొట్లం పట్టుకునేది. ఇప్పుడు తల ఊపింది.

మొదటి ఫొటో చూసి ఆమె చెయ్యి నోటికి పోయింది. అది కాలులా లేదు. నల్లటి అంచుల మధ్య బూడిదరంగు గుంట. చీము. ఆ కాలు ఒక ఒడిలో ఉంది. పచ్చపూల నైటీ, దాని మీద పరిచిన పాత తువాలు. పక్కన గ్లౌజు తొడుక్కున్న సన్నటి వేళ్లు.

ధరణి ఒక్కొక్కటీ జరిపింది. గుంట కొంచెం పైకి వచ్చింది. అంచులు ఎర్రబడ్డాయి. ఒడి మాత్రం మారలేదు. ఒకదాన్లో ఆ మోచేతి మీద తెల్లగా నూలు దుమ్ము. మగ్గం నుంచి నేరుగా వచ్చి కూర్చున్నట్టుంది. చివరి ఫొటోలో గులాబీరంగు చర్మం, కొత్తగా, పసిపిల్లల చర్మంలా.

గంగులమ్మ కోడలి వైపు తిరిగింది. ముఖంలోకి నేరుగా చూసింది.

"ఇట్లాంటి దాన్ని వొళ్లో పెట్టుకున్నావా? నీకు అసయ్యమెయ్యలేదా?"

"మొదటి దినం బయటికి పోయి వాంతి చేసుకున్నానత్తా" అంది జెస్సీ, దాచకుండా. "రెండో దినం చేసుకోలేదు."

"యాల చేసినావు? నీతో ఒక్క మంచి మాట మాట్లాడిందాన్ని కాదే నేను."

"ఇంట్లో ఇంకెవురుండారత్తా? ఆయన షిఫ్టుకు పోతాడు." జెస్సీ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఆగింది. "ఇంకా... పెండ్లయిన కొత్తలో షెడ్డు కిటికీలోంచి నిన్ను సూసేదాన్ని. పోగు తెగితే మగ్గం శబ్దం బట్టే కనుక్కోని, చూపు గూడా తిప్పకుండా అట్లా ముడేస్తావే. ఆ నిలబడేదే ఒక అందం నీది. మళ్లా నువ్వు అట్లా నిలబడాలని అనిపించింది."

గంగులమ్మ లేచింది. జెస్సీ దగ్గరికి నడిచి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తన కళ్లకు అద్దుకుంది. "వద్దత్తా, ఏందిది" అని జెస్సీ లాక్కోబోయింది. గంగులమ్మ వదల్లేదు. ఆ అరచేతులు తడిసేదాకా వదల్లేదు.

తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని ధరణితో అంది. "నువ్వు చెప్పకపోయింటే నాకు ఎన్నటికీ తెలిసేది కాదు తల్లీ. ఇంట్లో మనిషిని పెట్టుకోని పూతలపట్టుకు పోయి దండం పెట్టుకోని వచ్చేదాన్ని. ఈ నిజం చెప్పినందుకు నీకు రుణపడి ఉంటాను."

"మీకిష్టం లేకపోతే మాట్లాడనక్కర్లేదమ్మా."

"ఇప్పుడే గదా మాట్లాడాల్సింది. పద."

హాలు నిండుగా ఉంది. కట్లు కట్టుకున్న కాళ్లు, వాళ్ల వెంట వచ్చిన వాళ్లు, గోడల వెంబడి నిలబడ్డ చిన్న డాక్టర్లు. ముందు వరుసలో సుబ్రమణ్యంగారు. గంగులమ్మ మైకు పట్టుకుని ఒక్క క్షణం తడబడింది. బస్సులో కూర్చుకున్న మాటలు ఇప్పుడు పనికిరావు.

"నా పేరు గంగులమ్మ. మాది నగరి. నా కాలికి తేనె కట్టలేదంట. ఇప్పుడే చెప్పినారు."

హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

"కట్టినోళ్లకు చీము బిన్నా తగ్గిందంట. ఆ ఈగలు చల్లగుండాల. పట్టుపురుక్కు దండం. వయసంతా నూలు నేసినాను, పట్టు నా ఒంటికి తగిలింది ఈ వయసులోనే, అదీ కాలికి. ఈ పాదం తీసేద్దామన్న సుబ్రమణ్యం సారే, ధరణి పాప మాట విని గడువిచ్చినాడు. ఆయన బిడ్డాపాపల్తో సుఖంగుండాల. ఇన్ని చేసినా, ఇంట్లో ఆ కాలును వొళ్లో పెట్టుకునే మనిషి లేకపోతే నాకు నిలిచేది కాదు. ఆ మనిషి ఆడ కూర్చోనుండాది. నా కోడలు. లెయ్యి జెస్సీ, అందరూ సూడనీ."

జెస్సీ సిగ్గుపడుతూ లేచింది. చప్పట్లు మోగాయి.

చప్పట్లు తగ్గుతుండగా వెనక వరుసలో చేతికర్ర నేలకు తగిలిన చప్పుడైంది. ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఎండకు, ఉప్పు గాలికి నల్లబడ్డ ముఖం. ఎడమ పాదానికి మాసిన కట్టు.

"ఆమె చెప్పింది నిజం" అన్నాడు మైకు లేకుండానే. "నాకు తేనె కట్టినారంట. మొదట్లో బాగానే ఎర్రబడి మానుముఖం పట్టింది. ఇంట్లో సూసే మనిషి లేదు నాకు. చేపల కోసం మా ఊరి సరస్సులో నీళ్లలోకి దిగకపోతే పూట గడవదు. దిగినాను. ఈడికి రావడం మానేసినాను. ఇప్పుడు ఇంకో ఆసుపత్రిలో ఎల్లుండి కాలు తీసేస్తామన్నారు. సరేనన్నాను. ధరణమ్మ పిలిచిందని, రెండు కాళ్లతో ఇంకొక్కసారి తిరుపతికి వద్దామని వచ్చినాను."

"నాయనా!"

ఆ కేక జెస్సీది.

ఆయన పేరు దేవసహాయం. తడలో ఉంటాడు. జెస్సీ తండ్రి. తనకు చెప్పకుండా పెళ్లి చేసుకున్న రోజు నుంచి కూతురి ఫోను ఎత్తలేదు. జెస్సీ ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయేది. ఆయనకు షుగరుందనీ, కాలికి పుండు లేచిందనీ, ఇదే ఆసుపత్రిలో ఇదే కట్టు కట్టించుకున్నాడనీ ఆమెకు తెలియనే తెలియదు.

దేవసహాయం కూతుర్ని చూశాడు. చేతికర్ర గట్టిగా పట్టుకుని తలుపు వైపు తిరిగాడు. జెస్సీ కదల్లేక నిలబడిపోయింది.

వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి వేగంగా నడిచి, తలుపుకు అడ్డంగా నిలబడింది గంగులమ్మే. వియ్యంకుణ్ణి ఆమె చూడటం అదే మొదటిసారి.

"అన్నా, నిలబడు. ఆ కాలి మీద అంత బరువెయ్యొద్దు."

"దోవ వదులమ్మా."

"వదల్ను. మా ఇంట్లో నా మంచం ఖాళీగా ఉండాది. చక్రాల కుర్చీ ఉండాది. నీ బిడ్డ చేతులుండాయి. ఇప్పుడు నా చేతులు గూడా ఉండాయి. నీ బిడ్డ నాకు పెట్టింది ఈ కాలు. నేనెట్ల తీర్చుకోవాల చెప్పు?"

"ఆ బిడ్డ ఫోను చేస్తే ఎత్తనోడిని నేను. ఏ మొగం పెట్టుకోని దాని చేత కాలు కడిగించుకోవాల? ఎల్లుండికి ఒప్పుకున్నాను. అయిపోయింది. నన్ను పోనీ."

"ముందు ఆయన్ని కూర్చోబెట్టండి."

ఆ మాట సుబ్రమణ్యంగారిది. ఎప్పుడొచ్చారో, వెనకే నిలబడి ఉన్నారు. ధరణి కుర్చీ లాగింది. జెస్సీ అప్పటికే తండ్రి ముందు నేల మీద కూర్చుని, పాదాన్ని ఒడిలోకి తీసుకుంది. దేవసహాయం వెనక్కి లాక్కోవాలని చూశాడు. ఆ చేతులు లాక్కోనివ్వలేదు. కట్టు పొర తర్వాత పొర విప్పుతుంటే ఆయన కళ్లు మూసుకున్నాడు. ఒకప్పుడు మెట్ల మీద గంగులమ్మ మూసుకున్నట్టే. గంగులమ్మ మాత్రం ఈసారి ముఖం తిప్పుకోలేదు. వాసన వచ్చింది. ముక్కుకు ఏమీ అడ్డం పెట్టుకోలేదు.

పుండు చూసి ధరణి ముఖం వాడిపోయింది. సుబ్రమణ్యంగారు మోకాళ్ల మీద కూర్చుని, చీలమండ వెనక రెండు వేళ్లు ఆనించారు.

"ఇక్కడ నాడి కొట్టుకుంటుంటే పాదానికి ఇంకా రక్తం అందుతున్నట్టు" అన్నారు మెల్లగా, ఎవరితోనో కాదు, అందరితోనూ. "అందుతుంటే ఆలోచించొచ్చు. అందకపోతే తేనె గానీ పట్టు గానీ, ఎవరి చేతులు గానీ ఏమీ చెయ్యలేవు."

హాలంతా లేచి నిలబడింది. గంగులమ్మ వంగి జెస్సీ భుజం పట్టుకుంది. డాక్టరు వేళ్లు ఒకచోట ఆగాయి. కొంచెం జరిగాయి. నుదురు ముడిపడింది. ఇంకొంచెం కిందికి జరిగి, అక్కడ ఆగాయి.

"సన్నగా ఏదో తగులుతున్నట్టుంది, నాడేనో కాదో తేల్చుకోవాలి. చప్పుడు లేకుండా ఆ ఫ్యాన్లు ఆపండి" అన్నారు సుబ్రమణ్యంగారు.